దానిమ్మ నిమిత్తం నాచారంలో జరిగిన పేడ సంగ్రామం

జయమగుగాక దానిమ్మకు! జయమగుగాక దాని వేళ్లకు! క్రీస్తుశకం వెయ్యిన్ని తొమ్మిదివందల అరవై ఎనిమిదవ సంవత్సరాన, ఆషాఢమాసాన, తొలకరికి ఎర్రమట్టి మెత్తబడి, ఫ్యాక్టరీ పొగగొట్టాలు సైతం విశ్రమించిన ఒకానొక ఆదివార ప్రభాతాన, ఉప్పలుకు ఎగువన, లాలాపేటకు తూర్పున వెలసిన నాచార మహాపట్టణంలో, గోదావరీతీరసంజాతుడు, హాజరుపట్టీ లేఖనధురంధరుడు, ఎండావానల తేడా లేని నిత్యఛత్రధారి అయిన త్రిమూర్తులనే గుమాస్తా, ఎడమచేత ఇనుప బకెట్టు ధరించి, తన ఇంటి అరుగుపై గేదెల రాకకై ఎదురుచూస్తూ నిలుచున్నాడు.

ఎందుకంటారా? అతడి పెరట్లో రెండు దానిమ్మలున్నాయి. నాలుగేళ్లుగా పూయడమే తప్ప కాయడం ఎరగని మహానుభావులవి. బావిలోంచి చేదల కొద్దీ నీళ్లు తోడి వాటికి పోసి పోసి అలసిన ధర్మపత్ని కమలకుమారి ఆ ఉదయమే కొంగు బిగించి రాజశాసనం ప్రకటించింది.

“చూడండీ, వీటికి నీళ్లు మోసి నా రెక్కలు పడిపోయాయి. ఒక్క గింజ నోట్లో పడలేదు. ఇప్పుడు మూడు పూలున్నాయి. అవి కూడా రాలాయో, రెండూ కొట్టించేసి బీరపాదు పెడతాను. పచ్చడికైనా పనికొస్తుంది.”

త్రిమూర్తులు గుండె కలుక్కుమంది. ఆఫీసులో ఎవరికీ చెప్పుకోలేదు గానీ ఆ మొక్కలంటే అతడికి ప్రాణం. పూవు రాలిన రోజున మజ్జిగన్నం కూడా సయించేది కాదు. ఎరువు పడితే తప్ప పూలు నిలవవని నిశ్చయించుకుని, అందుకే ఇలా కదనరంగానికి విచ్చేశాడు.

అంతలో పాల పాండురంగ గేదెలు చెరువుకు బయలుదేరి, బురద చిమ్ముతూ, దారంతా తమదే అన్నట్టు వచ్చాయి. సేనాగ్రభాగాన నడిచే వృద్ధమహిషి సరిగ్గా వీధి నడిమధ్య ఆగి, తోకనెత్తి, విశాలమూ వర్తులమూ ధూమాయమానమూ అయిన ఒక మహారాశిని లోకోపకారార్థం భూమికి సమర్పించి, వెనుదిరిగి చూడకుండా సాగిపోయింది.

ఒక్క దూకున అరుగు దిగిన మన వీరుడు గొడుగు మొనతో ఆ రాశి చుట్టూ గుండ్రంగా గీత గీశాడు. గోదావరి ఒడ్డున అతడి సొంతూళ్లో గీత గీసినవాడిదే పేడ. తీరా చూస్తే ఎత్తడానికి పార తేలేదు. హాజరుపట్టీ రాసే చేత్తో ఎత్తడమా! ఇంట్లోకి పరుగెత్తాడు. పార కనబడలేదు. కనబడిన అట్లకాడనే ఖడ్గంలా చేతబట్టి తిరిగొచ్చాడు.

వచ్చేసరికి ఏముంది! ఆ రాశి నడినెత్తిన వేపపుల్ల ఒకటి నిటారుగా గుచ్చి ఉంది. పక్కనే గంపతో పాపమ్మ నిలబడి ఉంది. వెనకసందులో కాపురముంటూ, ఆదివారం చర్చి గంట కొట్టేలోగా గోడ నిండా పిడకలు చరిచే మహాయోధురాలామె.

“నిలువుము పాపమ్మా!” అని గర్జించాడు త్రిమూర్తులు. “మదీయ ఛత్రాగ్రముచే పరివేష్టితమైన ఈ రాశి నాది! ఏడు తరములుగా మా గోదావరి మండలమున ఈ గీతను మీరినవారు లేరు, ఇకముందు పుట్టబోరు!”

“గీతేంది సారూ? వానొస్తే పోతది,” అంది పాపమ్మ. “ఈడ పుల్ల గుచ్చినోళ్లదే పెండ. మా అమ్మ గట్లనే జేసింది, మా అమ్మమ్మ గట్లనే జేసింది. జర జరుగున్రి, నాకు చర్చికి యాళ్లయితుంది.”

న్యాయం కోసం ఇద్దరూ పాండురంగ వైపు చూశారు. “బర్రె నాదే. పాల ముచ్చటైతే జెప్పున్రి. పెండ పంచాయితి నాకొద్దు,” అని అతడు గేదెల వెంట జారుకున్నాడు.

అట్లకాడ లేచింది. గంప లేచింది. వీధిలో తలుపులన్నీ తెరుచుకున్నాయి.

“గింతకూ మీకెందుకు సారూ గీ పెండ? మీ ఇంట్ల కిరోసిన్ పొయ్యి ఉండె గద?” అడిగింది పాపమ్మ.

“దాడిమీవృక్షములకు ఎరువుగా వేయవలెను!”

పాపమ్మ గంప దించేసింది. “అయ్యో సారూ! పచ్చి పెండ ఏస్తరా? యేర్లు ఉడికిపోతయ్. సెట్టు సస్తది!”

అట్లకాడ దిగింది. ఇంకో అరగంట గడిస్తే తన ప్రాణంలాంటి మొక్కలను తన చేతులతోనే చంపుకునేవాడు. అతడికి నిజంగా ఏడుపొచ్చింది.

ఆ ముఖం చూసి పాపమ్మ మెత్తబడింది, కానీ పూర్తిగా కాదు. “మా ఇంటెన్క గుంతల ఏడాది మురిగిన ఎరువుంది. గంపెడు ఇస్త, తీస్కపోన్రి. కానీ పుల్లనే గెలిచిందని జెప్పాలె. ఈడనే, నలుగురు ఇనెటట్టు.”

ఒకవైపు ఏడు తరాల గోదావరి ప్రతిష్ఠ, మరొకవైపు మూడు పూలు. త్రిమూర్తులు కళ్లు మూసుకున్నాడు, గొంతు సవరించుకున్నాడు, తన బతుకులో ఎన్నడూ పలకని మాట పలికాడు.

“నాచారంలో పుల్లే గెలిచింది!”

“ఆ అట్లకాడ మళ్లీ నా వంటింట్లోకి వచ్చిందా, చూడండి!” అని గుమ్మంలోంచి కమలకుమారి కేకేసింది.

తదనంతరం ఆ ధీరుడు, నల్లగా పొడిపొడిగా వాసనే లేని ఆ ఎరువు గంపను స్వశిరస్సున మోసుకొచ్చాడు. “మొదట్ల కుప్ప వొయ్యొద్దు సారూ! మూరెడు దూరంల సుట్టు గాడి తీసి ఏయున్రి!” అని తెల్లచీర కట్టుకుని చర్చికి పోతూ గోడ మీదుగా పాపమ్మ ఆదేశించింది. అతడు గాడి తవ్వాడు, ఎరువు నింపాడు, మట్టి కప్పాడు, జీవితంలో మొదటిసారి తనే బావిలో చేద వేశాడు. నాలుగో చేదకే అరచేతులు పొక్కాయి. నాలుగేళ్లుగా కమలకుమారి ఎందుకు విసుక్కుంటోందో అప్పుడు తెలిసింది, సిగ్గేసింది. ఆనాటి నుంచి రోజూ తనే తోడాడు.

బుధవారం ఒక పూవు రాలింది. మరుసటి ఆదివారం రెండోది రాలింది. మూడోదాని రేకులు కూడా వాడేసరికి త్రిమూర్తులు పెరట్లోకి పోవడానికే జంకాడు. కమలకుమారే వెళ్లి, వంగి, చాలాసేపు చూసింది.

“ఏవండీ! అడుగున ఉబ్బిందండీ. నిలిచింది!”

వినుడు, ఓ జనులారా! నాలుగు సంవత్సరముల ఘోరసమరానంతరం నాచార క్షేత్రమున గోలీకాయంత పిందె ఒకటి నిలిచెను!

“సరే, వచ్చే ఏడాది దాకా ఉండనివ్వండి,” అని కమలకుమారి తీర్పు చెప్పింది. “నీళ్లు మాత్రం మీరే పోయాలి.”

ఆ మహాసామ్రాజ్యాన్ని గెలుచుకున్న త్రిమూర్తులు, ఆనందబాష్పాలు తుడుచుకుని, పొక్కిన చేతులతో చేద అందుకుని బావి వైపు నడిచాడు.