నల్లగడిలో కన్ను

మే నాలుగో తారీఖు, ఆదివారం. ఆ మధ్యాహ్నం మహారాష్ట్ర అంచున ఉన్న సిరొంచలోని ఇంట్లో జొన్నరొట్టె, ప్రాణహిత చేపల పులుసు తిన్న సంగతి గట్టయ్యకు ఇప్పటికీ గుర్తే. ముల్లు లేని ముక్కలన్నీ ఏరి భార్య లక్ష్మక్క మొగుడి పళ్ళెంలో వేసినప్పుడే అనుమానించాల్సింది.

ఆ రోజు క్రికెట్ కప్పు ఆఖరి ఆట. పెరటి కొట్టుగదిలో చేరిన గబ్బిలాలను వెళ్ళగొట్టమని లక్ష్మక్క ఎన్నాళ్ళుగానో పోరుతోంది. ఆట చూస్తూ దొరికితే పని తప్పదు. అందుకే గట్టయ్య పేపరులోని గళ్ళనుడికట్టులో ఒక నల్లగడిని బ్లేడుతో కోశాడు. పేపరు ముఖానికి అడ్డం, కన్ను గడికి, టీవీకి మూగనోము. ఆమె ఏమన్నా తలూపితే చాలు.

"పదాలు కట్టెటోనికి టీవీ ఎందుకు?"

"వెలుగుకు."

"సిరొంచ ఎండ సాలలేదా నీకు?"

కాసేపటికి గడిలో బంతి మాయమైంది. బదులుగా ఒక కన్ను కనబడింది. దానికి కాటుక ఉంది.

గట్టయ్య ఊపిరి బిగబట్టాడు. కన్ను ఏమీ అనకుండా వెళ్ళిపోయింది. నల్లగడిలో నల్లకన్ను, తెలిసి ఉండదులే అనుకున్నాడు.

లక్ష్మక్క పక్కింటి ముత్తక్కను పిలిచి ఎదురుగా కూర్చుంది.

"నవత బాపూ," అంటూ కూతురి పేరుతో మొగుణ్ణి పిలిచింది. "అడ్డం మూడు ఏంది?"

"ఆటల కొట్టేది."

"నిలువు మూడు?"

"చీకట్ల వేలాడేది."

"ఇంగ్లీషుల రెండూ బ్యాటే గదా! గంతసేపా? సరే, పొద్దూకంగ కొట్టుగదికి పోతవా?"

అప్పుడే సిక్సరు. తల ఊగింది.

"అవన్నీ ఎగిరిపోయినంక గోడల పొక్క మూసే వస్తవా?"

ఫోరు. గంగిరెద్దులా ఊగింది.

"ముత్తక్కా, చూసినవు గదా?"

"నేను రెండు కండ్లతోటి చూసిన. ఆయనే ఒంటికన్నుతోటి చూస్తుండు."

పొద్దుగూకింది. లక్ష్మక్క పాత బ్యాటు, చెక్కముక్క తెచ్చి చేతిలో పెట్టింది.

"ఇంక ఒక్క ఓవరే ఉన్నదే!"

"ఏం ఓవరు? నువ్వు పదాలు గదా కడ్తున్నవు?"

గట్టయ్య కొట్టుగదిలో ముక్కాలిపీట ఎక్కి నిలబడ్డాడు. చేతిలో అడ్డం మూడు, తలచుట్టూ నిలువు మూడు. ఇంట్లోంచి ఒక్కసారిగా కేక వినిపించింది.

"ఏమైందే? గెలిచిన్రా?"

"అడ్డమా, నిలువా? ఎన్నక్షరాలు?" ముత్తక్క గొంతు.

దిగి తలుపు చిల్లికి కన్ను ఆనించాడు. అవతల కాటుక కన్ను.

"ఇంక రెండు బంతులున్నయి," అంది లక్ష్మక్క మెల్లగా. "నీకూ ఇనవడేటట్టు సప్పుడు పెంచుత. చేపముక్క దాచిన, వచ్చినంక తిను."

ఆ వెంటనే టీవీలో మరాఠీ వ్యాఖ్యాత గొంతు ఇల్లంతా మోగింది. గట్టయ్య చీకట్లో, ఎవరూ చూడకపోయినా, తలూపాడు.

గబ్బిలాలు ఇంట్లోకి రాకుండా, గట్టయ్య ఇంకా పెరట్లోనే ఉండగా, లక్ష్మక్క ఇంట్లోకొచ్చే నడవా తలుపుకు కూడా ఆ రాత్రికి చప్పుడు కాకుండా గడియ పెట్టింది.