ముఖ్యమైన దినం

అరవవాళ్ళ ఆషాఢం, ఆడి నెల మొదటి శుక్రవారం నాడు సుబ్రమణ్యం వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్నే కంప్యూటరు తన పని తాను చేసుకుపోతుంది. మధ్యాహ్నానికి అంగడి నిండా జనం వస్తారు. సాయంత్రానికి కొడుకు నరేంద్ర నోరు మూతపడుతుంది. ఇంతే. ఇంత చిన్న పథకంలో తప్పు జరగడానికి చోటెక్కడుందని ఆయన అనుకున్నాడు. చోటు లేకపోతే తప్పు నిలబడైనా ప్రయాణం చేస్తుందని ఆయనకు తెలియదు.

తిరుపతిలో గాంధీ రోడ్డు పక్క సందులో ఆయనది వరలక్ష్మీ వస్త్రాలయం. బోర్డు మీద పేరూ, గల్లాపెట్టె పక్కన కూర్చునే మనిషీ ఆయన భార్య వరలక్ష్మమ్మే. సుబ్రమణ్యానికి బట్ట తెలుసు. వేళ్ళతో ముట్టుకుని నూలు ఏ ఊరిదో చెప్పేవాడు. ఆ బట్ట కట్టుకునే మనిషి ఎవరంటే మాత్రం తెల్లమొహం వేసేవాడు. మనుషుల లెక్కంతా భార్యది. నగరి చెంగమ్మ కోడలికి ఎన్నో నెలో, పుత్తూరు పెంచలయ్య చిన్న కూతురు పరీక్ష గట్టెక్కిందో లేదో, ఎవరికి ఏ అంచు గిట్టదో అన్నీ ఆమె నాలిక చివర ఉండేవి. చీర కోసం వచ్చినవాళ్ళు గంటసేపు కబుర్లు చెప్పి, చీరను మరిచిపోయి, బస్టాండు దాకా పోయి వెనక్కి వచ్చేవాళ్ళు.

ఆ వరలక్ష్మమ్మ పోయిన కార్తీకంలో వేలూరు ఆస్పత్రిలో కన్నుమూసింది. పదిహేను రోజుల తరవాత అంగడి తెరిస్తే మొదట వచ్చిన పల్లెటూరి ఆడమనిషి, "అక్క యాడప్పా?" అంది. పోయిందని చెప్పడానికి సుబ్రమణ్యం నోరు తెరిచాడు. "ఊరికి పోయింది" అని వచ్చింది. ఆ ఒక్క మాట దాకా రావడానికే ఆయన ప్రాణం సగమైంది. తరవాత ఎవరు అడిగినా అదే జవాబు. అలా అన్నంతసేపూ ఆమె నిజంగానే ఏ పుట్టింట్లోనో ఉన్నట్టు, రేపో మాపో సంచి పట్టుకుని బస్సు దిగేటట్టు ఆయనకు హాయిగా ఉండేది. "అట్లయితే ఆమె వచ్చినాక వస్తాంలే" అని జనం వెళ్ళిపోయేవాళ్ళు. చివరికి రావడమే మానేశారు.

బస్టాండు దగ్గర సెల్‌ఫోన్ల అంగడి నడిపే నరేంద్రకు ఈ సంగతి కనబడక పోలేదు. "ఈ ఆడి నెల సూస్తా నాయనా. ఆడి తగ్గింపుకు గూడా జనం రాకపోతే ఈడ గూడా సెల్లులే పెట్టేస్తా. నువ్వు ఇంటికాడ గమ్మున కూసో" అన్నాడు. ఇంట్లో కూర్చోవడం తప్ప ఇంకేమన్నా చెప్పమంటే సుబ్రమణ్యం చేసేవాడే. ఇంట్లో ఆమె లేదు. అంగట్లో ఇంకా ఊరికి పోయే ఉంది.

అప్పుడు ఆదుకున్నవాడు చెల్లెలి కొడుకు అమర్‌నాథ్. మద్రాసులో సాఫ్ట్‌వేర్ నేర్చుకుని వచ్చి, ఎవరికి అమ్మాలా అని చూస్తున్నాడు.

"కస్టమర్ ప్రొఫైల్ అంటారు మామా దీన్ని. మనిషి వివరాలు ఒకసారి ఎక్కిస్తే సాలు. ఆ మనిషికి నాలుగు దారుల్లో మాట పోతాది. సెల్లుకు మెసేజి, ఇంటి ఫోనుకు రికార్డు చేసిన గొంతు, ఉన్నోళ్ళకు ఈమెయిలు, లేనోళ్ళకు పోస్టులో కార్డు."

"ఇదంతా మీ అత్త ఒక్క నోటితో చేసేది గదరా?"

"అందుకే మామా, సాఫ్ట్‌వేర్ కావాల్సొచ్చింది" అన్నాడు అమర్‌నాథ్. అని, తల వంచుకున్నాడు. వాడికీ అత్తంటే ప్రాణమే. తల ఎత్తకుండానే, "మెసేజి కింద ఎవరి పేరు పెట్టాల?" అని అడిగాడు.

"ఆమె పేరే పెట్టు. 'మీ వరలక్ష్మక్క' అని."

అమర్‌నాథ్ మామ మొహం చూసి అలాగే ఎక్కించాడు.

వివరాలు ఎక్కించడానికి కోమలి అనే పిల్లను పెట్టుకున్నారు. బుద్ధిమంతురాలు, చెప్పిన పని చెప్పినట్టు చేస్తుంది. నూలుచీరకో తువ్వాలుకో అరకొరగా వచ్చే జనాన్ని ఆ పిల్ల పేరు, ఊరు, ఫోను నంబరు అడిగేది. చివర తెర మీద 'స్పెషల్ డే' అని ఒక గడి ఉండేది. పెళ్ళిరోజో పుట్టినరోజో రాసుకోవడానికి పెట్టిన గడి. స్పెషల్ డే అంటే పల్లె జనానికి అర్థం కాలేదు. కోమలి ఆలోచించి, తను ప్రతి ఆదివారం చర్చిలో వినే మంచి తెలుగు మాటను బయటికి తీసింది.

"మీ ఇంట్లో ముఖ్యమైన దినం ఎప్పుడమ్మా?"

కోమలికి దినమంటే దేవుడు చేసిన రోజు. వచ్చినవాళ్ళకు దినమంటే చచ్చిపోయినవాళ్ళకు పెట్టేది. పైగా అడుగుతున్నది గుడ్డలంగడి. పెద్దల దినానికి కొత్త పంచో చీరో పెట్టి మొక్కడం ఈ పక్క ఆచారం. గుడ్డలంగడివాళ్ళు ఆ దినం కాక ఇంకేం అడుగుతారు? పాపం, ఎంత శ్రద్ధ అనుకుని అందరూ చెప్పారు. ఒకరు నాయనది, ఒకరు మొగుడిది, ఒకామె కడుపున పుట్టిన బిడ్డది. తిథి చెప్తే కోమలి గోడమీది క్యాలెండరు చూసి తేదీగా మార్చి ఎక్కించేది. కొందరు చెబుతూ కళ్ళు తుడుచుకునేవాళ్ళు. పెళ్ళి తలుచుకుని ఏడ్చే ఆడవాళ్ళు లోకంలో లేరా ఏమిటని ఆ పిల్ల సర్దుకుంది. సుబ్రమణ్యం అక్కడే కూర్చుని చీర మడతలు సరిచేసుకుంటూ ఉన్నాడు. ఆయన జన్మలో ఎవరి మాటలు విన్నాడు గనక ఆ మాటలు వినడానికి?

పోస్టు కార్డులకు మాత్రం నాలుగు మూలలా పసుపు తనే స్వయంగా రాశాడు.

శుక్రవారం పది దాటి కాసేపయిందో లేదో, పుత్తూరు పెంచలయ్య బస్సు దిగి నేరుగా అంగట్లోకి వచ్చాడు. తడి పంచె మీదే వచ్చేశాడు. సుబ్రమణ్యం మొహం విప్పారింది. మెసేజి పోయిందో లేదో, మనిషి వచ్చేశాడే!

"రాప్పా పెంచలయ్యా! మెసేజి అందిందా?"

"నిన్ననే కార్డొచ్చింది. పొద్దున్నే మీ అంగడి గొంతు ఫోన్లో మాట్లాడింది. బస్సులో ఉంటే మెసేజి గూడా వచ్చింది" అన్నాడు పెంచలయ్య పళ్ళ సందుల్లోంచి. "నా యింట్లో ఇట్లాంటి దినాలు ఏటేటా పెరగాలని కోరుకునింది ఎవురప్పా?"

"మేమే! దాంట్లో ఏముండాది? ఏటికొకటేంది, నీ మనసుకు నెలకొకటి జరగాల" అన్నాడు సుబ్రమణ్యం మనస్ఫూర్తిగా.

పెంచలయ్య చెయ్యి పైకి లేచింది. కోమలి కెవ్వుమంది.

"నిన్ను కొడితే పుత్తూరు కట్టు గూడా అతకదు, అందుకని ఇడస్తుండా! మా నాయనకు కూడు పెడతా కాకి కోసం సూస్తా ఉంటే శుభాకాంక్షలంటారా? నీతో నాకు మాటల్లేవు. వరలక్ష్మక్కను పిలువు. ఆమె పేరుతోనే వచ్చింది. ఆమెనే అడగతా."

"ఆమె ఊరికి పోయిందప్పా."

"వచ్చేదాకా ఈన్నే ఉంటా" అని పెంచలయ్య మెట్ల మీద కూలబడ్డాడు.

సుబ్రమణ్యానికి కాకి సంగతి చెవికెక్కలేదు. మనిషి తగ్గింపు చాలలేదని అలిగాడని మాత్రం అర్థమైంది. కోపాలకు ఆయనకు తెలిసిన కారణం అదొక్కటే. వెంటనే అమర్‌నాథ్‌కు ఫోన్ చేశాడు.

"ఒరే, జనం కోపంగా ఉండారు. తగ్గింపు పెంచు. ఈ నెల స్పెషల్ డే ఉండేవాళ్ళందరికీ నాలుగు దారుల్లో కొట్టు. బిన్నా!"

అమర్‌నాథ్ బిన్నానే, క్షణం ఆలస్యం చేయకుండా కొట్టాడు. 'మీ ఇంటి ముఖ్యమైన దినం సందర్భంగా ఒకటి కొంటే ఒకటి ఉచితం. మీ వరలక్ష్మక్క.' పోస్టు ఒక్కటి తప్ప మిగతా మూడు దారుల్లోనూ అది గాలికంటే ముందే పోయింది.

భోజనాల వేళ దాటేసరికి సుబ్రమణ్యం కోరుకున్నట్టే అంగడి నిండిపోయింది. నగరి నుంచి చెంగమ్మ వచ్చింది, వెంట వాళ్ళ వీధివాళ్ళను కూడా తీసుకుని. చిత్తూరు నుంచి రిటైరయిన టీచరు పంకజాక్షి వచ్చింది, చేతిలో ఈమెయిలు కాగితం. అందులో తప్పులన్నీ ఎర్ర సిరాతో దిద్ది ఉన్నాయి. చీరలు చూపించబోయిన కోమలిని ఎవరూ చూడలేదు.

"ఒకటి కొంటే ఒకటి ఊరికేనా అబ్బా?" చెంగమ్మ గొంతు సందు చివరికి వినబడింది. "నా మొగుడి దినానికి తోడు ఇంకెవురి దినం ఊరికే ఇస్తావు? నా కొడుకుదా? నాదా?"

అప్పటికి గానీ కాకి సంగతి సుబ్రమణ్యానికి తలకెక్కలేదు. పంకజాక్షి కోమలిని దగ్గరికి పిలిచి, ఏం అడిగావో చెప్పమంది. ఆ పిల్ల చెప్పింది. టీచరమ్మ కళ్ళు మూసుకుని, "మీ చర్చిలో తప్పు లేదమ్మా, మా ఇళ్ళల్లో తప్పు లేదు. మధ్యలో ఈ మిషను దూరింది" అంది. విషయం తెలిసి కోమలి వెక్కివెక్కి ఏడ్చింది. ఆ ఏడుపుకు సగం మంది కోపం దిగింది. మిగతా సగం సుబ్రమణ్యం మీదికి మళ్ళింది.

"చిన్న పిల్ల, తెలీక అడిగింది. వరలక్ష్మక్కకు ఏమైంది?" అంది చెంగమ్మ. "మా ఆయన పోయినప్పుడు నా పక్కన కూసోని అన్నం కలిపి పెట్టిన మనిషి. ఆమె పేరుతో ఇట్లాంటి మాట ఎట్ల పంపినావు? పిలువు ఆమెను."

"ఊరికి..."

"ఊరికి పోయిన మనిషి పొద్దున నాకు మెసేజి ఎట్ల ఇచ్చింది? మూడుసార్లు వచ్చినా, మూడుసార్లూ ఊరికే పోయుండాది. మా మీద ఏం కోపమో తెల్దు. ఏ ఊరో చెప్పు, నేనే పోతా."

సుబ్రమణ్యం చేతిలోని చీరను మడత పెట్టాడు. మళ్ళీ విప్పాడు.

"లేదమ్మా."

"యాడ లేదు?"

"యాడా లేదు" అన్నాడు.

ఎనిమిది నెలలుగా గొంతులో అడ్డంపడి ఉన్నది అంత చిన్న మాట. అది బయటపడగానే ఆయన గల్లాపెట్టె పక్కనున్న ఆమె పీట మీద కూర్చుండిపోయాడు. ఆమె పోయినరోజు కూడా ఏడవని మనిషి, గిరాకీలందరి ముందూ చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు.

మెట్ల మీది పెంచలయ్య లేచి లోపలికొచ్చాడు. భుజం మీది తువ్వాలు తీసి చేత్తో పట్టుకున్నాడు. "ఎప్పుడప్పా?"

"కార్తీకంలో."

"నాలుగు దారులు పెట్టుకున్నావు గదప్పా. ఏదో ఒక దారిలో మాకు ఆ మాట చెప్పకూడదా?"

చెంగమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నేల మీద కూర్చుంది. "కోడలికి సీమంతం చీర కొనకుండా పెట్టుకోనుండానే! అక్క వస్తే ఆమె చేత్తో తీపించుకుందామని. బిడ్డ పుట్టి మూడో నెల వచ్చింది" అంది. అప్పుడు తెలిసింది సుబ్రమణ్యానికి, వీళ్ళు మానేసి పోలేదని. ఇన్నాళ్ళూ తనతోపాటు వీళ్ళూ ఆమె కోసం ఎదురుచూస్తూ కూర్చున్నారు.

కాసేపటికి చెంగమ్మే తేరుకుంది. "ఆడి అమాస వస్తాండాది. ఆమెకు పెట్టేదానికి చీర తియ్యి అబ్బా."

సుబ్రమణ్యం లేచి, పై అరలోంచి ఎర్రని పట్టుచీర తీసి పరిచాడు.

"ఎరుపా? ఆమెకు గిట్టదే" అంది చెంగమ్మ.

"గిట్టకేం? ఏటా ఎరుపే తెచ్చేవాణ్ణి. కట్టుకునేది."

"నువ్వు తెచ్చినావని కట్టుకునేది. ఆమెకు వంకాయ రంగంటే ఇష్టం."

"అంచు సన్నగా ఉండాలి. పెద్దంచు బరువనేది" అంది పంకజాక్షి. జరీ ఎక్కువుంటే మెడ దగ్గర గీరుకుంటుందనేదని పెంచలయ్య చెప్పాడు. అది ఆయనకెలా తెలుసని ఎవరూ అడగలేదు. వాళ్ళ ఆవిడ చెప్పి ఉంటుంది. ఆమెకు చింతకాయ పచ్చడి పడదని ఒకరు, సాయంత్రమైతే మోకాళ్ళు లాగుతాయనేదని ఇంకొకరు, ఒక్కసారి రైలెక్కి రామేశ్వరం చూడాలని ఉండేదని మరొకరు. ముప్ఫయ్యేళ్ళు పక్కన కూర్చున్న మనిషి గురించి సుబ్రమణ్యం ఆ రోజు గిరాకీల నోట విన్నాడు. ఒక్క మాట పోనివ్వకుండా విన్నాడు. కోమలి అలవాటు కొద్దీ కీబోర్డు మీద చెయ్యి పెట్టి, మళ్ళీ తీసేసింది.

వంకాయ రంగు చీర దొరికింది. డబ్బు నేనిస్తానంటే నేనిస్తానని పెంచలయ్యా చెంగమ్మా వాదులాడుకున్నారు. సుబ్రమణ్యం ఇద్దరి చేతులూ పక్కకు తోసి, జేబులోంచి డబ్బు తీసి తన గల్లాపెట్టెలోనే వేశాడు.

దీపాలు పెట్టే వేళకు నరేంద్ర వచ్చాడు. సందు మొదట్లోనే ఆగిపోయాడు. అంగడి ముందు ఇసుక వేస్తే రాలనంత చెప్పులు. లోపల చాపల మీద, మెట్ల మీద, బెంచీల మీద జనం. ఆడవాళ్ళు అప్పుడే కళ్ళు తుడుచుకుంటున్నారు. తగ్గింపు ఆ రేంజిలో ఉందనుకున్నాడు. నాయన దగ్గరికి వచ్చి చెవిలో చెప్పాడు.

"సాఫ్ట్‌వేర్ ఇంత బాగా పనిచేస్తాదని నేననుకోలే నాయనా. అంగడి మూసే మాట ఇంక ఎత్తను."

సుబ్రమణ్యం ఊఁ అన్నాడు.

ఆ రోజు అమ్ముడైంది ఒకే ఒక్క చీర. అదీ తగ్గింపు లేకుండా.