కొమ్ముచెంబుకు అనర్హురాలు

శుభ్రత నీళ్లతో వచ్చేది కాదనీ, పైనుంచి మంజూరు కావలసినదనీ జిల్లా అతిథి గృహాల పరిశుభ్రతా విభాగం తేల్చి చెప్పింది. ఆ సంగతి అమల్లోకి వచ్చిన రోజున, కొండ సరస్సు దగ్గరి ఒక కిర్గిజ్ ఇంట్లో ఉన్నవాళ్లు వీరు: నాయనమ్మ కలీపా, ఆమె కోడలూ అతిథి గృహం నడిపేదీ అయిన జూరా, జూరా కూతురైన పదహారేళ్ల బురుల్చా, విభాగం నుంచి వచ్చిన తనిఖీ అధికారి తుర్దుబెక్, ఆయన గౌరవార్థం పొద్దున్నే మంద దగ్గర సెలవు తీసుకుని డేగిశాలో చేరిన ఒక గొర్రె. ఇంటాయన మిగతా గొర్రెలతో కొండ మీద ఉన్నాడు. (కాపరులకు పరిశుభ్రతా నియమాలు వర్తించవు. యాత్రికులు వాళ్లను ఫొటో తీస్తారే తప్ప దగ్గరికి రానివ్వరు.)

తుర్దుబెక్ సంచిలో ఒక పలక ఉంది. తలుపు మీద ఆ పలక ఉన్న ఇంటి ముందు వేసవిలో యాత్రికుల బస్సు ఆగుతుంది. లేని ఇంటి ముందు బస్సు లేపిన దుమ్ము ఆగుతుంది. అందుకని జూరా వారం నుంచీ కనిపించిన ప్రతిదాన్నీ తోముతోంది, కూతురితో సహా.

బురుల్చాకు బస్సు గొడవ అంతగా పట్టదు. ఆమెకు కావలసింది కొమ్ముచెంబు. భోజనానికి ముందు అతిథుల చేతుల మీద గోరువెచ్చని నీళ్లు పోసి, భుజం మీది తువ్వాలు అందించడం ఇంటి ఆడపిల్ల పని. నోరు విప్పకుండా పరువుగా చేయగల పని లోకంలో అదొక్కటేనని, కొత్తవాళ్ల ముందు మాట్లాడలేని ఆ పిల్ల ఏనాడో కనిపెట్టింది. తనిఖీలో తప్పితే చెంబు పిన్ని కూతురికి పోతుందనీ, బురుల్చాకు పిడకల కొట్టమే మిగులుతుందనీ తల్లి ముందే చెప్పేసింది.

దారిలో కనుమ మీద కారు మొరాయిస్తే తుర్దుబెక్ స్వయంగా బాగుచేసుకుని వచ్చాడు. మణికట్టు దాకా నల్లటి నూనె. గుమ్మంలోనే బురుల్చా చెంబుతో ఎదురెళ్లింది. ఆయన చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"నీ చేతులు చూడ్డానికి వచ్చినవాణ్ణమ్మా నేను. నా చేతులు నువ్వు కడిగితే, ఎవరు ఎవర్ని తనిఖీ చేసినట్టు?"

నాయనమ్మ, మీ ఊళ్లో ఏరు ఎండిపోయిందా నాయనా అని అడగబోయింది. కోడలు దగ్గి ఆ మాటను తొక్కేసింది.

తనిఖీ సాగింది. అతిథి సేవలో ఉన్నవారు చెమట పట్టనివ్వరాదు. పని చేస్తే చెమట పడుతుంది గనుక, పని చేయకుండా సేవ చేయడం అలవాటు చేసుకోవాలి. సబ్బు వాసన రాకూడదు, ఒంటి వాసన రాకూడదు, వాసన లేకపోవడం అనుమానాలకు తావివ్వకూడదు. తుర్దుబెక్ ముగ్గురినీ వరసగా నిలబెట్టి వాసన చూశాడు. గదిలో ఘాటుగా వస్తున్న పొగాకు, పెట్రోలు కంపు ఎవరిదో అందరికీ తెలుసు. (వాసన చూసేవాడి వాసన లెక్కలోకి రాదని నియమం. లేకపోతే తనిఖీలు ఎక్కడా ముందుకు సాగవు.) ఆయన నల్లటి వేళ్లతో బురుల్చా గోళ్లు ఒక్కొక్కటే పట్టుకుని చూశాడు. చూసిన ప్రతి గోరూ నల్లబడింది. నల్లబడినందుకు విచారం వెలిబుచ్చాడు.

తర్వాత చేతులు కడుక్కునే పద్ధతి నేర్పాడు. ఆ ఇంటి నీళ్లకు ఇంకా పరీక్ష జరగలేదు గనుక నీళ్లు లేకుండానే నేర్పాడు. గాలిలో రుద్దుకుని, గాలిలో కడుక్కుని, చివర రెండు చేతులూ విదిలించాడు. తడి చేతులు విదిలిస్తే ఇంటి అదృష్టం చిందిపోతుందని నమ్మే నాయనమ్మ గుండె పట్టుకుంది. చేతులు పొడిగానే ఉన్నాయని గుర్తొచ్చాక తేరుకుంది. విభాగం వారి పద్ధతిలో అదొక్క మేలు ఉందని ఒప్పుకుంది కూడా.

ఇంతా చేసి ఆయన, సిబ్బంది చేతుల శుభ్రతే అతిథి ప్రాణమనీ, కడగని చేయి తాకిన ముద్ద విషంతో సమానమనీ, దీన్ని జీవితాంతం గుర్తుంచుకోవాలనీ చెప్పాడు. బురుల్చా తల ఊపింది. ఆమెకు ఏదైనా ఒకసారి చెబితే చాలు, అదే ఆమె దురదృష్టం.

భోజనం పెట్టారు. పెద్ద పళ్లెంలో సన్నటి నూడుల్స్, మాంసం, తోక కొవ్వు. ఆ వంటకం పేరే ఐదు వేళ్లు. గొర్రె తలను తుర్దుబెక్ ముందు పెట్టారు. చెంబు మళ్లీ వచ్చింది, ఆయన మళ్లీ వద్దన్నాడు. ఐదు వేళ్లూ పళ్లెంలోకి దిగాయి. వేళ్ల నూనె పళ్లెంలోకీ, పళ్లెంలో కొవ్వు వేళ్లకీ చేరి, కాసేపటికి ఆయన చేయి నిజంగానే తెల్లబడసాగింది.

అప్పుడు ఆయనకు ఇంటివాళ్ల మీద ప్రేమ పుట్టింది. పెద్ద అతిథి తన చేత్తో ముద్ద కలిపి పిల్లల నోట్లో పెట్టడం అక్కడ దీవెన. కాదన్న పిల్లను ఊరు మరిచిపోదు. తుర్దుబెక్ అరచేతి నిండా ముద్ద కలిపి చాచాడు.

"రా అమ్మాయ్, నోరు తెరువు. పెద్దవాడి చేతి ముద్ద."

నాయనమ్మ మురిసిపోయింది. జూరా కళ్లతోనే తొందరపెట్టింది. బురుల్చా ముద్దను చూసింది. దాని మీద నల్లటి వేలిముద్ర ఒకటి ఉంది. పొద్దుటి నుంచీ ఒక్క మాటా మాట్లాడని ఆ పిల్ల చెంబు ముందుకు చాచి, పెద్దాయనను పిలిచే పద్ధతిలోనే వినపడీ వినపడనట్టు అంది:

"అగాయ్, ముందు చేతులు కడుక్కోండి."

తుర్దుబెక్ కోప్పడలేదు. ముద్ద తనే తిని, వేళ్లు నాకి, నెమ్మదిగా వివరించాడు. అతిథి ముందు శుభ్రత ప్రస్తావన తేవడం సిబ్బంది వ్యక్తిగత పరిశుభ్రతా లోపాలన్నిటిలోకీ పెద్దదట. నోరు శుభ్రంగా లేనివాళ్లు చేతులు కడిగి లాభం లేదట. ఇల్లు మాత్రం నిష్కళంకంగా ఉంది (మాంసం మెత్తగా ఉడికింది), మలినం ఎక్కడుందో తెలిసింది గనుక తొలగిస్తే చాలు.

"పిల్లకు మర్యాద తెలీదు అగాయ్, మనసులో పెట్టుకోకండి," అని జూరా ఆయన ఎదుట కూర్చుని నోరు తెరిచింది. ఆయన పెట్టాడు. ఆమె నమిలి మింగింది.

తర్వాత జూరా పలక తీసుకుని బయటికొచ్చి, తలుపుకు తనే మేకు కొట్టింది. వెనకే వచ్చిన కూతురి చేతిలోంచి కొమ్ముచెంబు తీసుకుని, బదులుగా పిడకల బుట్ట పెట్టింది.

"అమ్మా, ఆయన చేతులు..." అంది బురుల్చా.

"నాకు కళ్లు లేవా?" అని జూరా లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. దాంతో పలక పిల్ల మొహానికి ఎదురుగా వచ్చింది: లోపలివారందరూ శుభ్రమైనవారని ఇందుమూలంగా ధ్రువీకరించడమైనది.