మంత్రిగారి మొదటి గింజ

“ఇకమీదట పాలమూరులో వలస అనే మాట నిఘంటువులోనే మిగులుతుంది” అని మంత్రిగారు ప్రకటించినందువల్ల, గట్టు మండలంలో బాలనాగమ్మా, ఆమె తోటి ఆడవాళ్ళూ తమ చెలకలన్నీ ఒక్కటిగా కలిపేశారు. దానికి ‘సామూహిక వ్యవసాయ క్షేత్రం’ అని నామకరణం జరిగింది. కంది పండితే ఈ ఏడు హైదరాబాదులో కాంక్రీటు తట్ట మోసే బాధ తప్పుతుందని బాలనాగమ్మ ఆశ.

అదృష్టవశాత్తు వాన వచ్చింది. మంత్రిగారు రాలేదు.

“సారూ, నేల పదును మీదున్నది. తడి ఆరకముందే ఇత్తనం ఎయ్యాలె,” అన్నది బాలనాగమ్మ.

వ్యవసాయాధికారి ప్రశాంత్ నొచ్చుకున్నాడు. “మంత్రిగారు మొదటి గింజ వెయ్యకుండ, మీరు రెండోది ఎట్లేస్తరమ్మా?”

“మొదటిది ఆయనకిడిసిపెట్టి, రెండోదానికెళ్ళి ఏస్తం సారూ.”

“ప్రోటోకాల్ ఒప్పుకోదు.”

ప్రోటోకాల్ కోసం విత్తనం ఆగింది, ఎండ ఆగలేదు. పదును ఆరిపోయింది.

అంతలో హెలికాప్టర్ ఖాయమైంది. అది దిగడానికి చేను నడుమ రోలరు తొక్కించారు. ఒక పక్క వేదిక, ఒక పక్క పార్కింగ్, మిగిలినచోట భోజనాల షామియానా వెలిశాయి.

“మరి మా సేనేది సారూ?”

“ఏందమ్మా, గిదంత చేనే కదా!”

ఎండిన నేల ఫొటోలో బాగుండదని ట్యాంకరుతో తడిపారు. తడిసిన నేల మంత్రిగారి చెప్పులకు అంటరాదని తివాచీ పరిచారు. ముందుచూపంటే అదీ!

మంత్రిగారు దిగారు, రిబ్బన్ కోశారు, గింజ పట్టుకొని అటూ ఇటూ చూశారు.

“ఎక్కడ వెయ్యాలయ్యా?”

ప్రశాంత్ క్షణమైనా తడబడలేదు. రిబ్బన్ కోసిన కత్తెరతోనే తివాచీకి చిల్లు పెట్టాడు. అందులో గింజ పడింది, చప్పట్లు పడ్డాయి.

“వలస ముగిసింది!” అన్నారు మంత్రిగారు.

అప్పటికే రోడ్డు మీద, హైదరాబాదు మేస్త్రీ పంపిన డీసీఎం వ్యాను హారన్ కొడుతోంది. షామియానా వెనకనుంచి ఆడవాళ్ళు మూటలెత్తుకొని లేచారు.

“వీళ్ళెక్కడికి?”

“స్టడీ టూర్ సార్,” అన్నాడు ప్రశాంత్.

మంత్రిగారి ముఖం వెలిగింది. ఎక్కడినుంచో పచ్చజెండా వచ్చింది, ఊగింది, బండి కదిలింది.

బాలనాగమ్మ వ్యానులోంచి మెడ చాచి కేకేసింది. “సారూ, గా గింజను కోళ్ళు తింటయ్! జర పైలం!”

ఆమె బాధ్యతాభావానికి చలించిపోయిన మంత్రిగారు, తివాచీకి ఇద్దరు కానిస్టేబుళ్ళను కాపలా పెట్టించారు.