జనరథానికి శిలాఫలకం

నల్లమలలో ఇకమీదట డోలీ అనేది కనిపించదని మా పక్కింటి మురళీకృష్ణ గారు ప్రకటించారు. ఆయన మండల పార్టీ కన్వీనర్. మార్కాపురం విలేకరులందరినీ పిలిపించి, టిఫిన్ పెట్టించి, తన వరండాలో నిలబడి ఈ మాట చెప్పారు.

"డోలీని రద్దు చేస్తున్నారా సార్?" అని ఒక విలేకరి అడిగాడు.

"డోలీ అవసరాన్నే రద్దు చేస్తున్నా" అన్నారు.

అందరం చప్పట్లు కొట్టాం. నేను కొంచెం ఎక్కువసేపే కొట్టాను. జబ్బు చేసి డోలీలో కొండ దిగినవాళ్ళు తిరిగి ఎక్కడం నేను పెద్దగా చూడలేదు.

ఆయన తన ఇంటి ఆవరణలోనే కొండలెక్కే బండి తయారు చేస్తారట. పేరు జనరథం. ప్రభుత్వం వేలంలో వదిలించుకున్న పాత జీపు ఒకటి లారీలో వచ్చింది. మెకానిక్ నాగేంద్ర దాన్ని విప్పి, ఎత్తు పెంచి, ట్రాక్టరుకు వేసేంత టైర్లు వేసి, పార్టీ రంగు కొట్టాడు. కార్యకర్తలు దాని ముందు నిలబడి ఫొటోలు దిగారు. బండి పని అక్కడితో అయిపోయేదే. కానీ ప్రారంభోత్సవం అన్నాక శిలాఫలకం ఉండాలి.

"ఫలకం గోడకు కదా నాయనా పెట్టేది?" అన్నాను.

"గోడ మీద పెడితే గోడ దగ్గరికొచ్చినోళ్ళే చదువుతారు పెద్దమ్మా. బండి మీద పెడితే అడివంతా చదువుతాది."

మా ఊళ్ళో రాయికి కొదవ లేదు. క్వారీ నుంచి నల్లటి పలకరాయి వచ్చింది. మంత్రి గారి పేరు చెక్కారు. ఎమ్మెల్యే గారి పేరు కింద పడిందని ఒక వర్గం అలిగింది. ఇంకో నాయకుడి అక్షరాలు సన్నగా ఉన్నాయని ఇంకో వర్గం టీ కూడా తాగకుండా వెళ్ళిపోయింది. అందరికీ సమానమైన అక్షరాలు ఇచ్చేసరికి రాయి నులక మంచమంత అయింది. దాన్ని వెనక బోల్టులతో బిగించగానే జీపు పోట్లాటకు లేచిన పొట్టేలులాగా ముందు చక్రాలు ఎత్తింది. ముందువైపు ఇసుక మూటలు వేసి దాన్ని కిందికి దించారు. తర్వాత స్టార్ట్ చేస్తే అంగుళం కదల్లేదు.

"రాయి దించుదామన్నా" అన్నాడు నాగేంద్ర.

మురళీకృష్ణ గారు అదిరిపడ్డారు. "మంత్రి గారి పేరు దించుతావా? ఇంజన్ దించు!"

రాతిని లాగగల ఇంజన్ కోసం వెతికితే బయన్న జీపు దొరికింది. బయన్న కొండ మీది గూడెం మనిషి. వాళ్ళ గూడేనికి ఎక్కే బండి అదొక్కటే. తలుపులు తాడుతో కట్టి ఉంటాయి, కూర్చుంటే కింద రోడ్డు కనపడుతుంది. డీజిల్ ఇంజన్ మాత్రం గట్టిది. తేనె, జిగురు, కుంకుళ్ళతో పాటు జ్వరమొచ్చినవాళ్ళను కూడా అదే దించేది.

"ఫిట్‌నెస్ ఉందా?" అని అడిగారు మురళీకృష్ణ గారు.

"కొండెక్కుతాది సార్."

"కాగితం ఉందా అంటాండా."

"కాగితం లేకున్నా ఎక్కుతాది సార్."

"రేపు బ్రేక్ ఇన్‌స్పెక్టర్ పట్టుకుంటే పాత ఇనుముకు పోతాది. ఇంజన్ ఇయ్యి. జనరథానికి నువ్వే డ్రైవర్."

బయన్న తల ఊపాడు. పెద్దవాళ్ళ ముందు గూడెంవాళ్ళ తల ఒక్క వైపుకే ఊగుతుంది.

మూడు దూలాలు కట్టి, గొలుసు వేలాడదీసి, బయన్న జీపులోని ఇంజన్ దించి జనరథంలోకి ఎక్కించారు. స్టార్ట్ చేస్తే మా వంటింట్లో గిన్నెలు ఊగాయి. రాయితో సహా బండి కదిలింది. వెంటనే మురళీకృష్ణ గారు ఆపించి, బానెట్ కనపడకుండా దండలు వేయించి, రిబ్బన్ కట్టించి, మంత్రి గారు వచ్చేదాకా గేటు దాటకూడదన్నారు. మంత్రి గారు ఒకసారి అసెంబ్లీ వల్ల రాలేదు, ఒకసారి మూఢం వల్ల రాలేదు. దండలు మాత్రం ఎప్పటికప్పుడు మారుస్తూ వచ్చారు.

ఈలోగా బయన్న చేతులు కట్టుకుని వచ్చాడు.

"మా కూతురు అంజలికి నెలలు నిండినాయి సార్. బిడ్డ అడ్డం తిరిగినాదంట. నొప్పులు రాకముందే ఆస్పత్రికి దించమని నర్సమ్మ చెప్పినాది. ఒక్క ట్రిప్పు పోయొస్తా."

"ఓపెనింగ్ కాకుండా గేటు దాటితే ప్రోటోకాల్ ఏం గావాల?"

"నొప్పులు ఆగవు సార్."

"ఓర్చుకోమను. తొలి పేషెంట్ మీ బిడ్డే, పేపర్లో పడతాది. అంత తొందరైతే డోలీ కట్టండి. రద్దు ఓపెనింగ్ రోజు నుంచి గదా."

బయన్న చేతులు విప్పి వెనక్కి తిరిగాడు. కొన్నేళ్ళ కింద బయన్న భార్యను కూడా డోలీలోనే దించారు. సగం దారిలో మోసేవాళ్ళు డోలీ దించి తలగుడ్డలు తీసేదాకా ముందు నడుస్తున్న ఆయనకు తెలియలేదు.

చివరికి మంత్రి గారి తేదీ ఖరారైంది. ముందు రోజు మురళీకృష్ణ గారు ఎదురుకోళ్ళకని పార్టీ మొత్తాన్ని వెంటబెట్టుకుని ఒంగోలు పోతూ, గేటు తాళం నా చేతిలో పెట్టారు.

"పెద్దమ్మా, బండి గేటు దాటకూడదు."

ఆయన అటు పోగానే బయన్న వచ్చి గేటు పట్టుకుని నిలబడ్డాడు. ఇంక ఆగితే చేయి దాటిపోతుందని నర్సమ్మ ఫోన్ చేసిందట. నాగేంద్ర జనరథానికి పాలిష్ పెడుతున్నాడు. గోడ పక్కన బయన్న జీపు ఖాళీ పొట్టతో నిలబడి ఉంది.

"నాయనా నాగేంద్రా, ఆయన బండి దాటకూడదన్నాడు. ఇంజన్ సంగతి ఏమీ అనలేదు" అన్నాను.

"నన్ను బతకనిస్తాడా పెద్దమ్మా?"

"బానెట్ మీద అన్ని దండలున్నాయి. మంత్రి గారు పోయేదాకా ఎవరెత్తుతారు?"

సాయంత్రానికి పాత జీపు దగ్గుకుంటూ కొండ వైపు పోయింది.

మర్నాడు మంత్రి గారు వచ్చి, రిబ్బన్ కత్తిరించి, ముందు సీట్లో కూర్చున్నారు. మురళీకృష్ణ గారు తాళం తిప్పారు. ఎక్కడా చప్పుడు లేదు. మళ్ళీ తిప్పారు.

"స్టార్ట్ అయిందా?" అన్నారు మంత్రి గారు.

"అయింది సార్. సౌండ్ రాదు" అన్నాడు నాగేంద్ర పక్క నుంచి.

"పొగ కూడా లేదే!"

"పర్యావరణం సార్" అన్నారు మురళీకృష్ణ గారు, చెమట తుడుచుకుంటూ.

అప్పుడే బయన్న జీపు హారన్ కొడుతూ వచ్చింది. పోలీసులు ఆపారు. వెనక గోనెసంచుల మీద అంజలి పళ్ళు బిగించి పడుకుని ఉంది. ఎవరూ ఆపకముందే నేను ఎక్కి దాని చేయి పట్టుకున్నాను.

"ఎవరా అమ్మాయి?" అన్నారు మంత్రి గారు.

"మన తొలి పేషెంట్ సార్!"

"మరి ఆ డొక్కులో ఏం పని? దించి ఇందులో ఎక్కించండి."

"ఇది పోతాంది గదా సార్" అంది అంజలి. "అది పోతాదా?"

 మురళీకృష్ణ గారే తేరుకున్నారు. "సార్, ఆ జీపు మన పైలట్ వెహికల్. ముందు అది, వెనక మనం."

నాగేంద్ర తాడు తెచ్చి రెండిటికీ కొక్కేలు తగిలించాడు.

"తాడెందుకయ్యా?"

"పైలట్ తప్పిపోకుండా సార్."

జీపు మూలుగుతూ కదిలింది. అంజలినీ, నన్నూ, మంత్రి గారినీ, రాతినీ అదొక్కటే లాగింది. మంత్రి గారు మైకులో, ఇంత మెత్తగా పోయే బండి తాను ఎక్కలేదనీ, ప్రతి మండలానికీ ఒకటి మంజూరు చేస్తున్నాననీ చెబుతూ వచ్చారు. ఆస్పత్రి గేటు దగ్గర ఎత్తు వచ్చింది. జీపు నిలబడిపోయింది. అంజలి గోళ్ళు నా చేతిలో దిగాయి.

"రాయితో ఎక్కదు పెద్దమ్మా!" అని అరిచాడు బయన్న. "కొక్కెం తియ్యి!"

తీశాను. జీపు ఒక్క ఉరుకులో లోపలికి దూకింది. స్ట్రెచర్ వచ్చింది, అంజలిని తీసుకుపోయారు. వెనక రోడ్డు పల్లం. రాతి బరువుకు బ్రేకులు పట్టక జనరథం చప్పుడు లేకుండా అటు సాగింది. మంత్రి గారు రెండు చేతులూ ఊపుతున్నారు. జనం పక్కకు జరిగి దండాలు పెడుతున్నారు. కాన్వాయ్ మొత్తం సైరన్లతో వెంటపడింది.

చాలాసేపటికి నర్సు బయటికొచ్చింది.

"ఆడబిడ్డ. ఇద్దరూ బాగున్నారు. ఇంతకీ జనరథంలో వచ్చిన పేషెంట్ ఎవరు? ఫొటోకు రెడీగా ఉంచమని మంత్రి గారు ఫోన్ చేయించినారు."

"ఆయన యాడుండారమ్మా?" అని అడిగాడు బయన్న.

"కంభం రోడ్డులో" అంది నర్సు. "ఇంకా పోతానే ఉండారంట."