దేశంలోకెల్లా మత్తులేని ఊరు

"ఈ పన్ను ఖజానా కోసం కాదు, నా ప్రజల కాలేయాల కోసం" అని మంత్రి ఆగో వెసికాల్‌గారు రాజధాని టాలిన్‌లో ప్రకటించినప్పుడు, టీవీ ముందు కూర్చున్న నా చెయ్యి తనంతట తనే కడుపు కుడివైపుకు పోయింది. ఎస్టోనియా పుట్టాక ఒక మంత్రి నా లోపలి అవయవాన్ని పేరు పెట్టి తలుచుకోవడం అదే మొదటిసారి. కళ్ళు చెమ్మగిల్లాయి. బీరు మీద పన్ను ఒక్క దెబ్బకి రెట్టింపు దాటించారు. వోద్కా మీద ఇంకాస్త ఎక్కువ ప్రేమ చూపించారు. ఆరోగ్యం, పన్నులు రెండు శాఖలూ ఆయనవే కాబట్టి, ప్రతిపాదన తనే పంపి, తనే పరిశీలించి, తననే అభినందించి, సంతకం పెట్టారు.

నేను కాసెలిన్ ఊరి వారపత్రికకు విలేకరిని, ఫొటోగ్రాఫర్‌ని. మాది దేశానికి దక్షిణపు కొస. పెద్దవీధి చివర వాగు, వాగు మీద చిన్న వంతెన, వంతెన దిగితే లాత్వియా. అక్కడ గేటూ లేదు, అడిగే నాథుడూ లేడు. మా కోళ్ళు రోజూ విదేశాలకు వెళ్ళి మేసి వస్తాయి.

పన్ను వార్త విని ఊళ్ళో చప్పట్లు కొట్టినవాడు ఒక్కడే, ఎండెల్ తాత. మా మద్యనిషేధ సంఘానికి ఆయన అధ్యక్షుడు, కార్యదర్శి, మిగిలిన ఏకైక సభ్యుడు. పెళ్ళిలో కూడా పాలు తాగి నిలబడ్డ మనిషి. మర్నాడు ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క కొట్టుకి, అంటే లెయిదక్క కొట్టుకి, నల్ల రొట్టె కోసం వచ్చి కౌంటర్ మీద కర్రతో కొట్టాడు.

"చూశావా అమ్మాయ్! ఇన్నాళ్ళకి ఈ దేశంలో ఒక మగాడు పుట్టాడు."

"పుడితే పుట్టాడుగానీ తాతా, సరిగ్గా నా నెత్తి మీద పుట్టాడు" అంది లెయిదక్క.

"నువ్వు రొట్టెలమ్ముకో. మంచి వ్యాపారం."

"రొట్టె దేని మీదెక్కి వస్తోందనుకున్నావ్? ట్రక్కు నిండా బీరు పెట్టెలు, మూల కాస్త చోటుంటే నీ రొట్టె. బీరు లేకపోతే నీ ఒక్కడి రొట్టె కోసం ఎవడు తోలుకొస్తాడు ఇంత దూరం?"

తాత దీన్ని లెక్కలోకి తీసుకోలేదు. పెద్ద విప్లవాల్లో రవాణా సంగతి ఎవరికీ గుర్తుండదు.

పన్ను అమల్లోకొచ్చిన మొదటి శనివారం ఊరు ఊరంతా వంతెన దాటింది. ఆ పన్ను మాత్రం వంతెన దాటలేదు, అవతల బీరు పాత ధరే. తోపుడు బళ్ళు, సైకిళ్ళు, పిల్లలు పెద్దవాళ్ళయ్యాక అటక మీదికి చేరిన ఉయ్యాల బళ్ళు కూడా కదిలాయి. వెళ్ళేటప్పుడు ఖాళీగా ఊగిన ఆ బళ్ళు వచ్చేటప్పుడు బరువుగా, నిదానంగా, దుప్పట్లు కప్పుకుని వచ్చాయి. జనాభా తగ్గిపోతోందని బాధపడే మా దేశంలో అన్ని ఉయ్యాల బళ్ళు ఒకేసారి చూసి నాకు ఒళ్ళు పులకరించింది.

పరదేశుల సంగతి మరీ చిత్రం. ఫిన్లాండ్ వాళ్ళు ఇదివరకు ఓడ దిగి, టాలిన్ రేవులోనే పెట్టెలు నింపుకుని, అదే ఓడెక్కి పోయేవాళ్ళు. ఇప్పుడు మా దేశాన్ని ఆ చివర్నుంచి ఈ చివరికి కారులో దాటుకుని లాత్వియాకు పోతున్నారు. పెంట్టి అని ఓ పెద్దమనిషి బాత్రూమ్ కోసం లెయిదక్క కొట్టు దగ్గర ఆగాడు.

"ఎలా ఉంది బాబూ మా ఊరు?" అందావిడ ఆశగా.

"ఏ ఊరు?" అన్నాడతను.

ఎండాకాలం మొదట్లో మంత్రిగారు స్వయంగా వచ్చారు. పెద్దవీధిలో వరసగా పోతున్న ఫిన్లాండ్ కార్లని వేళ్ళ మీద లెక్కపెట్టారు.

"ట్రీనూ, ఇదివరకు వీళ్ళు టాలిన్ దాటేవాళ్ళా?" అని సలహాదారుని అడిగారు.

"లేదండీ. రేవు దాటేవాళ్ళే కాదు."

"రాసుకో. మన మారుమూల అందాలు ప్రపంచానికి తెలిశాయి. పర్యాటకం."

ఆపైన లెయిదక్క కొట్లో మద్యం అమ్మకం దాదాపు ఆగిపోయిందని తెలిసి ఆయన లెయిదక్క చెయ్యి పట్టుకుని ఊపేశారు. ఊళ్ళో ఉన్నదే ఒక కొట్టు. అందులో ఎవరూ కొనడం లేదంటే ఊళ్ళో ఎవరూ తాగడం లేదన్నమాట. ఇంత శుద్ధమైన తర్కం నేను కాలేజీలో కూడా వినలేదు. కాసెలిన్‌ని దేశంలోకెల్లా మత్తులేని ఊరుగా అక్కడికక్కడే ప్రకటించి, ఆ మాట రాసిన ఫలకాన్ని కొట్టు తలుపుకే బిగించారు. మేకు దిగుతున్నంతసేపూ లెయిదక్క పక్కనే నిలబడి బతిమాలింది.

"అయ్యా, ఇంకో నెల ఇలాగే ఉంటే ట్రక్కు రానంటోంది. ట్రక్కు రాకపోతే రొట్టె రాదు. కారు లేని ముసలాళ్ళు ఏం తింటారు?"

"రొట్టె మీద నేను పన్ను వేయలేదే!" అన్నారు మంత్రిగారు నొచ్చుకుంటూ.

"వేయలేదు బాబూ, కానీ..." అంటూ ఎండెల్ తాత ముందుకొచ్చాడు. మద్యనిషేధ సంఘం అధ్యక్షుడని ట్రీను చెవిలో చెప్పగానే మంత్రిగారు ఆయన్ని గట్టిగా కౌగిలించుకున్నారు. తాత చెప్పాల్సిన మిగతా మాట మంత్రిగారి కోటులోకి పోయింది.

జూన్‌లో జాన్ పండగకి పెద్ద మంట అంటించడానికి మంత్రిగారు మళ్ళీ మా ఊరినే ఎంచుకున్నారు. మంట చుట్టూ బీరు తాగుతూ పాడుకోవడం మా తాతముత్తాతల నాటి ఆచారం. మంత్రిగారు బీరు బదులు రొట్టెపులుపుతో చేసే మత్తులేని క్వాస్ పీపాలు తెప్పించారు. వాగుకి అవతల లాత్వియా వాళ్ళకీ అదే రోజు అదే పండగ, అలాంటి మంటే. మా ఊరు మొత్తం ఆ మంట దగ్గర ఉంది. మా చర్చి గాయకబృందం అక్కడే పాడుతోంది. ఇవతల మంత్రిగారు, ట్రీను, తాత, నేను, ఒక పోలీసు. అవతలి ఒడ్డునుంచి పోలీసు పెళ్ళాం చెయ్యూపుతోంది.

"చూడండి! మైదానంలో ఒక్క తాగుబోతైనా కనిపిస్తున్నాడా?" అని మైకులో అడిగారు మంత్రిగారు.

"అసలెవడూ కనిపించడం లేదు నాయనా" అన్నాడు తాత.

జూలైలో ట్రక్కు ఆగిపోయింది. లెయిదక్క కొట్టుకి తాళం వేసి, తాళంచెవి చేత్తో పట్టుకుని మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. ఇక్కడ నేను పొగడ్త ఆపి ఉన్నమాట చెప్తాను. నాకు కడుపు మండిపోయింది. వంతెన అవతల దగ్గర్లో ఉన్నవన్నీ సారా కొట్లే కాబట్టి, తాతకి బస్సెక్కి జిల్లా కేంద్రానికి పోయి రొట్టె తెచ్చుకోవడమే గతి అయింది. బస్సు మెట్టు ఎత్తు, ఆయన మోకాలు అరిగిపోయింది. రొట్టె లేని రోజుల్లో ఉడకబెట్టిన బంగాళాదుంపలు తింటున్నాడని పక్కింటివాళ్ళు చెప్పారు. ఎవరిస్తామన్నా తీసుకోడు. వంతెన దాటే కార్లవాళ్ళెవరైనా ఎక్కించుకుంటామంటే, సారా బండి ఎక్కనంటాడు.

శరత్కాలానికి లెయిదక్క మళ్ళీ కొట్టు తెరిచింది, వంతెనకి అవతల. అక్కడి సారా కంపెనీవాళ్ళు షెడ్డు ఇచ్చారు, జీతం ఇచ్చారు. ప్రారంభోత్సవానికి మంత్రిగారొచ్చారు. పన్ను విజయవంతమైనందుకు ఆయనకు ఎగుమతుల శాఖ కూడా ఇచ్చారు మరి.

"పరాయి గడ్డ మీద ఒక ఎస్టోనియా ఆడపడుచు జెండా పాతింది!" అంటూ రిబ్బన్ కత్తిరించారు. ఫిన్లాండ్ వాళ్ళు చప్పట్లు కొట్టారు. మా ఊరివాళ్ళు అప్పటికే లోపల వరసలో ఉన్నారు.

జనాన్ని తప్పించుకుంటూ ఎండెల్ తాత కర్ర పొడుచుకుంటూ నడిచి వచ్చాడు. సారా కొట్టు గడప తొక్కడం ఆయన జన్మలో అదే మొదలు.

"అమ్మాయ్, కిటికీలోంచి రొట్టె కనిపించింది. ఒకటియ్యి."

లెయిదక్క ముఖం మాడిపోయింది. "అమ్మేది కాదు తాతా. పెట్టె బీరు కొంటే రొట్టె ఉచితం. కంపెనీవాళ్ళు రొట్టెని పెట్టెకే టేపుతో అంటించి పంపుతారు. విడిగా ఇస్తే నా ఉద్యోగం ఊడుతుంది. నేను కొని ఇస్తాను, ఉండు."

"నా రొట్టె నేను కొనుక్కోలేనంత దిక్కులేనివాణ్ణా?" తాత జేబులోంచి డబ్బు తీశాడు. "ఇయ్యి ఒక పెట్టె."

"రొట్టె తీసుకుని పెట్టె ఇక్కడే వదిలెయ్ తాతా, నేను చూసుకుంటా."

"డబ్బిచ్చి కొన్నది వదిలేసి పోవడానికి నేనేమన్నా డబ్బెక్కువైన ఫిన్లాండ్ వాణ్ణా?"

పెట్టె ఎత్తబోయి తూలాడు. మంత్రిగారు చూశారు. కెమెరా వైపూ చూశారు. ఒక్క అంగలో వచ్చి రెండోవైపు పట్టుకున్నారు. "పెద్దవాళ్ళకి ప్రభుత్వం ఎప్పుడూ తోడుంటుంది. తీయండి ఫొటో!"

"ఇక్కడ వెలుతురు చాలదండీ, బయటికి రండి" అన్నాను.

బయటికొచ్చాక నీడ పడుతోందన్నాను. వంతెన మీద ఎదురెండ అన్నాను. పెద్దవీధిలో వెనక చెత్తకుండీ పడుతోందన్నాను. ట్రీను నాకేసి అనుమానంగా చూసిందిగానీ, ఫొటో బాగా రావాలని మంత్రిగారికే పట్టుదలగా ఉంది. ఎక్కడా ఆగకుండా వాళ్ళిద్దర్నీ ఎండెల్ తాత గుమ్మం దాకా నడిపించాను.

పెట్టె దింపి మంత్రిగారు నడుం పట్టుకుని నిలబడ్డారు. చొక్కా తడిసి వీపుకి అంటుకుపోయింది.

"తాతగారూ, దాహంగా ఉంది. తాగడానికి ఏమైనా ఇస్తారా?"

తాత టేపు చింపి రొట్టెను చంకలో పెట్టుకున్నాడు. పెట్టెలోంచి ఒక సీసా తీసి మంత్రిగారి చేతిలో పెట్టి, లోపలికి పోయి తలుపు వేసుకున్నాడు.