కేణల్ పణిక్కర్ లేవడం లేదు

ఆ రోజు ఉదయం లైబ్రేరియన్ ఎల్సమ్మ పెట్టుకున్న పని చిన్నదే. గ్రంథాలయం తెరిచి, వజ్రోత్సవ సంచిక ఫైళ్ళు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుని, మధ్యాహ్నంలోగా కున్నంకుళం ప్రెస్సులో అప్పగించి రావాలి.

సంచిక మొత్తం వెనకగదిలోని పాత కంప్యూటర్‌లో ఉంది. హైస్కూలు వాళ్ళు వద్దనుకుని ఇచ్చేసిన యంత్రమది. ఊరి ముసలివాళ్ళు తమ జ్ఞాపకాలు చెబుతుంటే ఏడాదిపాటు కూర్చుని ఆమే టైపు చేసింది. చెప్పినవాళ్ళలో కొందరు ఇప్పుడు లేరు. మళ్ళీ అడిగి రాసుకుందామన్నా కుదరదు. వేరే చోట ఒక ప్రతి దాచమనీ, అచ్చయ్యేదాకా యంత్రాన్ని కెలకొద్దనీ గ్రంథాలయం అధ్యక్షుడు పద్మనాభ పణిక్కర్ మరీ మరీ చెప్పారు. ఆయన సైన్యంలో కల్నల్‌గా చేసి వచ్చారు. కల్నల్‌ని మలయాళంలో కేణల్ అంటారు కనక ఊరందరికీ ఆయన కేణల్ పణిక్కర్.

ఎల్సమ్మ ప్రతి దాచలేదు, పైగా కెలికింది. కొత్త మార్పులు వచ్చాయి, ఎక్కించమంటారా అని తెర అడిగితే, ఎవరేమడిగినా కాదనలేని మనిషి కావడంతో సరేనంది. యంత్రం ఆగి, మళ్ళీ మొదలై, నల్లటి తెర మీద తెల్ల అక్షరాలు గబగబా దొర్లించి, 'కెర్నల్ పానిక్' అన్న మాట దగ్గర బిగుసుకుపోయింది. కంప్యూటర్‌ని నడిపించే అసలు ప్రోగ్రామే కెర్నల్. అదే చేతులెత్తేసింది.

ఆమె వెంటనే, తనని చేచీ, అంటే అక్కా, అని పిలిచే గ్రంథాలయం కార్యదర్శి శశాంగన్‌కి ఫోన్ చేసింది. అతను త్రిశూర్ బస్సులో నిలబడి ఉన్నాడు.

"శశీ, కెర్నల్ పానిక్. ఎంత లేపినా లేవడం లేదు."

హారన్ల మోతలో అతనికి తెలిసిన పేరే వినబడింది. "ఎప్పట్నుంచి చేచీ?"

"పొద్దున్నుంచే. వయసైపోయింది కదా. మెమరీ పోయిందేమో. ఎవరికీ చెప్పకు, నీకు పుణ్యముంటుంది."

శశాంగన్ మాట తప్పే మనిషి కాడు. ఉపాధ్యక్షుడు ఉలహన్నాన్ మాష్‌కి, అంటే మాస్టారికి, తప్ప ఇంకెవరికీ చెప్పలేదు. మాష్ కూడా మైకువాడికి తప్ప ఇంకెవరికీ చెప్పలేదు. కాసేపటికి గ్రంథాలయం గేటుకి నల్లజెండా వేలాడింది. ముంగిట్లో కుర్చీలు పడ్డాయి. కేణల్ రోజూ పొద్దున్నే పేపరు చదవడానికి వస్తారు కాబట్టి లోపలే కుప్పకూలి ఉంటారని అందరూ అనుకున్నారు.

ఎల్సమ్మకి ఇవేమీ తెలియవు. తలుపు గడియపెట్టి, యంత్రం డబ్బా విప్పి, మెమరీ పలకలు రెండూ ఊడదీసి రబ్బరుతో రుద్దుతోంది. మాష్ కిటికీ దగ్గరికొచ్చి, లోపలికి చూసే ధైర్యం చాలక గోడవైపు తిరిగి అడిగాడు.

"ఎల్సీ, ఆఖర్న ఏమైంది?"

"గుర్రుమన్నట్టు శబ్దం వచ్చింది మాష్. తరవాత ఉలుకూపలుకూ లేదు."

"ఇంటికి కబురు పెట్టావా?"

"ఏ మొహంతో చెప్పను మాష్? నా చేతులారా చేసిందే కదా ఇదంతా."

మాష్ నాలుగడుగులు వెనక్కి వేశాడు. పోలీసులొచ్చేదాకా ఎవరూ లోపలికి వెళ్ళొద్దని అందరికీ చెప్పి, తడబడుతూ మైకు అందుకున్నాడు. స్టీలు బీరువా ఏ గోడకి పెట్టాలన్న తగువుతో కేణల్‌తో అతనికి చాన్నాళ్ళుగా మాటల్లేవు. అయినా ఆ పూట పణిక్కరంత నిష్ఠ గలవాడిని చూడలేదనీ, బీరువా విషయంలో కూడా ఆయనదే సరైన మాట అనీ చెప్పి బావురుమన్నాడు.

లోపల ఎల్సమ్మ, మైకు మోత చెవికెక్కనంత ధ్యాసలో, మెమరీ పలకల్ని ఒక్కొక్కటే పెట్టి చూసింది. దేనితోనైనా అదే పానిక్. అంటే తప్పు మెమరీది కాదు. మరి రాత్రిదాకా బాగున్నది పొద్దున్న ఎందుకు చెడింది? మారింది కెర్నల్ ఒక్కటే. పాతది ఎక్కడో ఉండే ఉండాలి. యంత్రం మొదలవుతుండగా షిఫ్ట్ మీట నొక్కిపట్టింది. తెర మీద రెండు కెర్నళ్ళ పేర్లు వచ్చాయి. కింద ఉన్న పాతదాన్ని ఎంచి కళ్ళు మూసుకుంది. తెరిచేసరికి సంచిక ఫైళ్ళన్నీ ఎదురుగా ఉన్నాయి. పాత డిస్కులో చోటు చాలక కొత్త కెర్నల్ సగమే దిగిందని అప్పుడు కనిపెట్టింది.

ముందు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, ఆ తరవాతే ఊపిరి తీసుకుని, తలుపు తెరుచుకుని బయటికి పరిగెత్తింది.

"మాష్, పాత కెర్నల్ లేచింది. ఒక్క మాట కూడా పోలేదు."

ఆమెకేసి ఎవరూ చూడడం లేదు. అందరి చూపూ గేటు దగ్గరుంది. క్షౌరం చేయించుకుని, చంకలో గొడుగుతో, కేణల్ పణిక్కర్ అక్కడ నిలబడి ఉన్నారు. ఎంతసేపట్నుంచి వింటున్నారో తెలియదు. మాష్ గబగబా వెళ్ళి ఆయన చెయ్యి పట్టుకున్నాడు. వెచ్చగానే ఉంది. ఇంక వదల్లేదు.

ఎల్సమ్మ జరిగిందంతా ఏడుస్తూ ఒప్పుకుంది. కేణల్ కోప్పడలేదు. పెన్‌డ్రైవ్ చేతిలోకి తీసుకుని, ఇంకో ప్రతి కూడా చెయ్యమని మెల్లగా చెప్పి మాష్‌వైపు తిరిగారు.

"మాష్, ఇందాక మైకులో అన్న మాటలు కాగితం మీద పెట్టివ్వండి. సంచికలో ఒక పేజీ ఖాళీ ఉంది."

మాష్ ఉపన్యాసం ఆ పేజీలో పూర్తిగా అచ్చయింది. 'ఉండేవారు' అన్న చోటల్లా 'ఉన్నారు' అని దిద్దారు, అంతే.